ఎర్ర సిరా, నల్ల జెండా

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి "బడి వదిలాక నీకు బాగా పనికొచ్చిన పాఠం ఏదైనా రాయరా, రెండు పేజీలు చాలు" అన్నారు. లెక్కల మాస్టారి గురించో, ఎన్.సి.సి. క్యాంపు గురించో రాస్తాననుకుని ఉంటారు. నాకు మాత్రం ఒక అమెరికా పాటగాడు గుర్తొచ్చాడు. ఒంటి నిండా పచ్చబొట్లు, చొక్కా లేకుండా నిక్కరు మీద స్టేజి ఎక్కి గొంతు చించుకున్న మనిషి. పేరు హెన్రీ రోలిన్స్. ఆయనకీ మన పర్లాకిమిడికీ ఏటి సంబంధం అంటారా? ఉంది, కాస్త ఓపిక పట్టండి.

1992లో మాది తొమ్మిదో తరగతి. ఆ అక్టోబరులోనే గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లా చేశారు, మన ఊరు జిల్లా ముఖ్యపట్నం అయింది. ఊరంతా ఆ హడావుడిలో ఉంటే తెలుగు సెక్షన్‌లో మేం నలుగురం ఒక లిఖిత పత్రిక మొదలుపెట్టాం. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలు పేరే దానికి పెట్టుకున్నాం. తెల్లకాగితాల మధ్య మూడు కార్బన్లు పెట్టి, బాల్‌పెన్ను అదిమి రాస్తే నాలుగు కాపీలు వచ్చేవి. రాసేవాడి చూపుడువేలు మీద గుంట పడిపోయేది. నాలుగో కాపీ చదవాలంటే కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోవాల్సిందే. అట్టకి పాత కేలండర్లు తిరగేసి వాడేవాళ్లం. మైదా ఉడకబెట్టి జిగురు చేసేది మా అమ్మ. ఆ జిగురు రుచికి రెండో సంచిక వీపు బొద్దింకలు తినేశాయి. చదివి తిరిగి ఇవ్వడానికి అద్దె పావలా.

మూడో సంచికలో మావాడు ఒకడు వాళ్ల మామ్మ చెప్పిన కథ రాశాడు. ముసలమ్మ గుణుపురంలో కూతురి ఇంటికని బయల్దేరి, దారిలో రైలు ఆగితే నీళ్లకి దిగి, పంపు దగ్గర ఎవరితోనో కబుర్లలో పడిపోతుంది. "రైలెల్లిపోనాది, నానుండిపోనాను" అంటుంది. మామ్మ ఎలా చెప్పిందో అలాగే రాశాడు వాడు. వాడికి వేరేలా రాయడం రాదు కూడా.

ఆ సంచిక తెలుగు మాస్టారి చేతికి చిక్కింది. మర్నాడు స్టాఫ్ రూంకి పిలిచారు. కథ నిండా ఎర్ర సున్నాలు. 'నాను' కొట్టేసి 'నేను', 'ఎల్లిపోనాది' కొట్టేసి 'వెళ్ళిపోయినది'. పేజీ కింద ఒకటే మాట, గ్రామ్యం. సున్నాలు నలభై ఏడు, నిలబడి చేసేదేమీ లేక లెక్కపెట్టాను. ఇకమీదట ప్రతి సంచికా ముందు తనకి చూపించాలన్నారు. నాలుగో సంచిక రాలేదు. మాస్టారి మీద నాకు కోపం లేదు. ఛందస్సు ఆయన చెప్పినంత తేలిగ్గా నాకు మళ్లీ ఎవరూ చెప్పలేదు. కాకపోతే ఆయన కుర్చీ వెనక గోడ మీద గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటో ఉండేది.

పంతులు గారి సంగతి మనకి ఒకరు చెప్పాలా! 1880లో మన ఊరు వచ్చి రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని ఆ భాషలోనే పుస్తకాలు రాశారు, వాళ్ల పిల్లలకి బడులు నడిపారు. జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని పండితులతో పోట్లాడారు, అందుకోసం 1919లో 'తెలుగు' అని సొంతంగా పత్రిక నడిపారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే ఒప్పుకోలేక రాజమండ్రి వెళ్లిపోయారు. ఇవన్నీ వక్తృత్వ పోటీలో గడగడా చెప్పి నేను స్టీలు గ్లాసు కూడా గెలుచుకున్నాను. మా నాలుగు కార్బన్ కాపీలకీ ఆయనకీ లంకె ఉందని మాత్రం అప్పుడు తట్టలేదు.

1996కి రూర్కెలా హాస్టల్లో ఉన్నాను. పక్క రూం సీనియర్ దగ్గర ఒక కేసెట్. దాని మీద పేరు లేదు, బాల్‌పెన్నుతో ఎగుడుదిగుడుగా గీసిన నాలుగు నిలువు గీతలు తప్ప. వాక్‌మన్‌లో పెట్టి వింటే టేపు చుట్టుకుపోయిందనుకుని పెన్సిల్ కోసం వెతికాను. సీనియర్ నవ్వి "అది పాటేరా" అన్నాడు. ఆ గీతలు గాలికి ఎగిరే జెండా అట. బ్యాండ్ పేరు బ్లాక్ ఫ్లాగ్, మొదట చెప్పిన రోలిన్స్ పాడిన బ్యాండే. మంత్రిగారు ఊళ్లోకి వస్తే చూపించే నల్లజెండాలే తెలిసిన నాకు ఆ పేరు మాత్రం వెంటనే ఎక్కేసింది. పాటలు ఎక్కడానికి నెల పట్టింది. కొన్ని ఇప్పటికీ ఎక్కలేదు.

మిగతా కథ ఆ తర్వాత ఏళ్ల మీద కొంచెం కొంచెం చదివి తెలుసుకున్నదే. రోలిన్స్ 1961లో వాషింగ్టన్‌లో పుట్టాడు. అసలు ఇంటిపేరు గార్‌ఫీల్డ్. చిన్ననాటి స్నేహితుడు ఇయన్ మకాయ్. ఇద్దరూ హాగెన్ డాజ్ ఐస్‌క్రీం షాపులో పనిచేశారు, హెన్రీ మేనేజర్ కూడా అయ్యాడు. మకాయ్ బ్యాండ్ 1980లో విడిపోతూ, కచేరీల మీద దాచిన సుమారు ఆరు వందల డాలర్లని పంచుకోకుండా ఆ డబ్బుతో ఒక రికార్డు వేసింది. వేయడానికి ఎవరూ లేరు కాబట్టి తామే డిస్కార్డ్ అని ఒక లేబుల్ పెట్టుకున్నారు. లేబుల్ అంటే రికార్డు అచ్చేయించి అమ్మే కంపెనీ. కవర్ ఎలా చేస్తారో తెలియక, ఉన్న రికార్డు కవర్ ఒకటి విప్పదీసి, మడతలు ఎక్కడెక్కడ వస్తాయో చూసుకుని ఆ కొలతకే గీసుకున్నారు. తర్వాత వెయ్యి కవర్లు కత్తెరతో కోసి, మడిచి, జిగురు పెట్టి అతికించారు. ఇది చదివిన రాత్రి మా అమ్మ మైదా గిన్నె గుర్తొచ్చి నిద్రపట్టలేదు. వాళ్లకీ బొద్దింకలు ఉండేవో లేదో!

ఆ లేబుల్ ఇప్పటికీ ఉంది. వాళ్ల ఊరి బ్యాండ్లవే వేస్తుంది. కాగితం మీద ఒప్పందాలు ఉండవు, లాభం వస్తే బ్యాండ్‌తో పంచుకుంటుంది. దాని రెండో రికార్డు హెన్రీ సొంత బ్యాండ్‌ది, ఖర్చు ఐస్‌క్రీం షాపు జీతంలోంచి పెట్టుకున్నాడు.

1981లో బ్లాక్ ఫ్లాగ్ న్యూయార్క్‌లో పాడుతుంటే హెన్రీ కారేసుకుని వెళ్లాడు. పొద్దున్నే షాపు తెరవాలి, రాత్రికి రాత్రే వెనక్కి రావాలి. పోయే ముందు ఫలానా పాట పాడరా అని అడిగి, తనే స్టేజి ఎక్కి పాడేశాడు. కొన్నాళ్లకి వాళ్ల దగ్గర్నుంచే పిలుపు, మాకో గాయకుడు కావాలి, వచ్చి పాడి చూపించు అని. మకాయ్‌ని సలహా అడిగితే పొమ్మన్నాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు మేనేజర్ ఉద్యోగం వదిలి లాస్ ఏంజెలెస్ పోయాడు. మన ఇళ్లలో అయితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అక్కడ వాళ్ల లేబుల్ ఎస్.ఎస్.టి. గిటారిస్టు గ్రెగ్ గిన్ చిన్నప్పుడు రేడియో సామాన్లు పోస్టులో అమ్మడానికి పెట్టుకున్న పేరది, పాటలకీ అదే వాడుకున్నాడు. జెండా బొమ్మ గీసింది అతని తమ్ముడు. కొన్నాళ్లు రోలిన్స్ గిన్ వాళ్ల అమ్మానాన్నల ఇంటి పెరట్లో సామాన్లు పెట్టుకునే షెడ్డులో ఉన్నాడు. రోజూ గంటల తరబడి ప్రాక్టీసు, తర్వాత వ్యాను ఎక్కి ఊరూరా కచేరీలు, రాత్రి ఎవరి ఇంట్లో చోటు దొరికితే అక్కడ నేల మీద పడక. మందు లేదు, మత్తు లేదు. మన పీ.టీ. సార్ వింటే ముచ్చటపడేవారు, పచ్చబొట్ల సంగతి ఆయనకి చెప్పకపోతే.

1981లోనే వాళ్ల మొదటి పెద్ద ఆల్బం తయారైతే, పంపిణీ చేయాల్సిన కంపెనీ పెద్దమనిషి అది తల్లిదండ్రులకి వ్యతిరేకంగా ఉందని వెనక్కి తగ్గాడు. బ్యాండ్ వాళ్లు ఆయన మాటనే స్టిక్కరుగా అచ్చేసి ఆల్బం కవర్ మీద అతికించి అమ్మారు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మాకు పదమూడేళ్లప్పుడు ఈ తెలివి ఎందుకు లేకపోయిందా అని. ఆ తర్వాత కోర్టు తగాదాల్లో పడి 1983 దాకా సొంత పేరుతో కొత్త రికార్డు వేసుకోలేకపోయారు. అంటే స్టిక్కరు అతికించినంత మాత్రాన అన్నీ జరిగిపోవు. సొంత లేబుల్ అయితే అంతా ధర్మప్రభువులే అనీ కాదు. ఎస్.ఎస్.టి. డబ్బు సరిగ్గా ఇవ్వలేదని తర్వాత కొన్ని బ్యాండ్లు గొడవపడి తమ రికార్డులు వెనక్కి తీసుకున్నాయి.

వ్యానులో తిరిగినన్నాళ్లూ రోలిన్స్ డైరీ రాసేవాడు. ఆ రాతలు వేయడానికి ఎవరినీ బతిమాలకుండా బ్లాక్ ఫ్లాగ్‌లో ఉండగానే సొంత ప్రచురణ సంస్థ మొదలుపెట్టాడు. పేరు 2.13.61. పదమూడో నెల ఎక్కడిదిరా బాబూ అని చాలాకాలం తల గోక్కున్నాను. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారని, అది ఆయన పుట్టిన తేదీ అని తర్వాత ఎవరో చెప్పారు. 1986లో బ్యాండ్ విడిపోయింది. మరుసటి ఏడు తన పేరుతోనే ఇంకో బ్యాండ్ పెట్టాడు. ఒక్కడే మైకు పట్టుకుని గంటలు గంటలు మాట్లాడే కార్యక్రమాలు బ్లాక్ ఫ్లాగ్ రోజుల్లోనే మొదలుపెట్టాడు, దాదాపు మన హరికథే అనుకోండి, కాకపోతే తంబూరా లేదు. తన పుస్తకాలతో పాటు వేరేవాళ్లవీ వేశాడు. వ్యాను రోజుల డైరీలు 1994లో 'గెట్ ఇన్ ద వ్యాన్' అని వచ్చాయి. ఆయన చదివి రికార్డు చేసిన దానికి 1995లో గ్రామీ వచ్చింది, పాటకి కాదు, చదివినందుకు. నిజం చెప్పాలంటే ఆయన కవిత్వం నాకు రుచించలేదు, అన్నీ ఒకే మంటలో మాడినట్టుంటాయి. డైరీలు అలా కాదు. ఆకలి, చెమట, వ్యాను కంపు, తిట్లు ఏవీ కడగకుండా అలాగే ఉన్నాయి. ఎవరైనా ఎర్ర పెన్ను పట్టుకుంటే మొదటి పేజీలోనే సిరా అయిపోయేది.

అయిదారేళ్ల కింద మావాడి మామ్మ కథలు మళ్లీ తీశాం. కార్బన్ కాపీల్లో మిగిలింది నాలుగోదే, ఎవరి అటకమీదో. పాతపట్నంలో డీటీపీ చేయించాం. డీటీపీ కుర్రాడు 'నాను' అని రాసినచోటల్లా 'నేను' అని టైపు చేసేసేవాడు, మూడుసార్లు ప్రూఫు దిద్దాం. మూడు వందల కాపీలు వేయించాం. డబ్బు మేం నలుగురం వేసుకున్నాం, షాపులకి ఇవ్వలేదు. పెళ్లిళ్లలో, బస్సుల్లో, చిన్న రైలు పోయి పెద్ద రైలు వచ్చిన ఆ స్టేషన్లోనే చేతిలో పెట్టి అమ్మాం. రెండు వందల చిల్లర పోయాయి, మిగతావి మా మంచం కింద ఉన్నాయి, కావాల్సినవాళ్లు ఫోన్ చేయండి. అట్ట మీద మామ్మ పేరు కంటే పెద్దగా ఒక ఎర్ర సున్నా, దాని మధ్యలో 'గ్రామ్యం' అని అచ్చేయించాం. ఒక కాపీ మాస్టారి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లజోడు పైకి జరుపుకుని అట్ట చూశారు, "నా చేతిరాతేనా?" అన్నారు. కాదు మాస్టారూ, కంప్యూటరు అన్నాను. "నాది ఇంకా గుండ్రంగా ఉంటుంది" అని లోపలికి వెళ్లి కాఫీ తెమ్మన్నారు.

ఇది రాసి పంపిన వారానికి కమిటీ వాళ్లు ప్రూఫు పంపారు. మొదటి పేరాలో నేను 'ఏటి సంబంధం' అని రాసింది 'ఏమిటి సంబంధం' అయి కూర్చుంది. వెంటనే ఫోన్ చేశాను. "అచ్చుతప్పేమో అనుకున్నాంరా" అన్నాడు మన సంపాదకుడు. ఎర్ర పెన్ను ఇప్పుడు నీ దగ్గరుందేటిరా అని అడిగాను. కాసేపు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు, తర్వాత "సరేలే, ఉంచేస్తాను" అన్నాడు. ఉంచాడో లేదో మీరే పైకి వెళ్లి చూసుకోండి.