ఏడు ఇరవై

పొద్దున వాచీ పెట్టుకుంటూ చూస్తే ఏడు ఇరవై. హమ్మయ్య, బోలెడు టైమ్ ఉందనుకుని నింపాదిగా తయారై, బ్యాగు సర్దుకుని మళ్ళీ చూస్తే అప్పుడూ ఏడు ఇరవయ్యే!

తప్పు నాదే. వారం నుంచి సెకన్ల ముల్లు రెండేసి సెకన్లకోసారి గెంతుతోంది. సెల్ అయిపోవచ్చిందంటే చాలా క్వార్ట్జ్ వాచీలు అలాగే చేస్తాయి. తెలిసీ బద్ధకించాను. రెండు మూడేళ్ళకోసారి వచ్చే పని, దానిక్కూడా బద్ధకమే.

పోనీలే, ఫోన్ ఉందిగా. టైమ్ కరెక్టుగా చెప్పడంలో దానికి వాచీ ఎటూ సాటి రాదు, అది నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చుకుని తనే సరిచేసుకుంటుంది. పాపం వాచీలో ఉండేది చిన్న క్వార్ట్జ్ ముక్క, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, ఆ అంకెని సగం, మళ్ళీ సగం చేసుకుంటూ పోతే సరిగ్గా 15వ సారికి ఒకటి మిగులుతుంది, ఆ ఒక్కదానికే ముల్లు కదులుతుంది (నాకు భలే ఇష్టం ఈ లెక్క). ఇంత చేసీ నెలకి కొన్ని సెకన్లు అటో ఇటో పోతుంది. 30 రోజుల నెల అయిపోయాక 31 చూపిస్తూ కూర్చుంటుంది, మనమే తిప్పాలి.

మధ్యాహ్నం మీటింగ్‌లో ఒకాయన మాట్లాడుతుంటే టైమ్ కోసం ఫోన్ తీశాను. ఆయన ఆగిపోయి "ఏమైనా అర్జెంటా అండీ?" అన్నారు. టైమ్ చూస్తున్నానని చెబితే ఇంకా బాగోదు కదా, ఏం లేదండీ అని లోపల పెట్టేశాను. వాచీ అయితే కాగితం తిప్పుతున్నట్టు ఓరగా చూసేసేదాన్ని. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికులకి జేబు గడియారం తీసి చూసే వీలు లేకే చేతి వాచీ అంతగా వాడకంలోకి వచ్చింది. మనం దాన్ని మళ్ళీ జేబులోకి తోసేశాం.

ఇవాళ బాగా తెలిసొచ్చింది మాత్రం ఇంకోటి. నాలుగింటికల్లా పంపాల్సిన పని ఒకటుంది. ఫోన్ 3:42 అంటుంది, అరవైలోంచి నలభై రెండు తీసెయ్యాలి, ఆ టెన్షన్‌లో అదీ ఓ లెక్కే! వాచీలో ఈ తీసివేతలు ఉండవు, పెద్ద ముల్లుకీ పన్నెండుకీ మధ్య ఎంత జాగా ఉందో అంతే మిగిలింది, కంటికే తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ నేను చూస్తున్నది ఎంతయిందని కాదు, ఇంకా ఎంతుందని. స్మార్ట్ వాచీ కొనుక్కోమంటారు ఇంట్లో, ఫోన్‌ని తెచ్చి చేతికి కట్టుకోవడానికా?

సాయంత్రం సెల్ వేయించాను. వేసినాయన వెనక గోడ నిండా గడియారాలే, ఏ రెండిటికీ పొత్తు లేదు. మూత బిగించి, కీ పైకి లాగి, టైమ్ పెట్టడానికి జేబులోంచి ఫోన్ తీశారు.