కొండకీ కడలికీ మధ్య

పొద్దున్నే భీమిలి బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. చాలామంది ఇక్కడికి ఆ రంగు కోసం వస్తారు. నేను గీతల కోసం వచ్చాను. గట్టు మీద నిలబడి చూస్తే వాన కోసిన సన్నని పాయలు ఒకదాంట్లో ఒకటి కలుస్తూ, చెట్టు కొమ్మలన్నీ మొదట్లో చేరినట్టు లోతైన గండ్లలోకి చేరతాయి.

గట్టు మీద ఇసుక అప్పటికే కాలుతోంది. జీడిమామిళ్లు, ముళ్ల తుప్పలు ఎడంగా ఉన్నాయి. గండిలోకి దిగితే నీడ, కాలికింద తడి, ఒత్తుగా పచ్చదనం. నేల అదే, పడిన వానా అదే. పైన పడ్డ నీరు కొంత ఇసుకలో ఇంకి పల్లంలో ఊటవుతుంది, మిగతాది గెడ్డల దారి పట్టి సముద్రంలో కలుస్తుంది. ఏది దేని పక్కన ఉందన్నదాన్ని బట్టే ఏ మొక్క బతుకుతుందో తేలుతోంది. ఇలాంటివి పట్టించుకునే చదువుంది, భూదృశ్య జీవావరణ శాస్త్రం. విమానాల నుంచి తీసిన ఫొటోలు పరిశీలిస్తూ 1939లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త కార్ల్ ట్రోల్ దానికి పేరు పెట్టాడు.

మధ్యాహ్నం కంబాలకొండ చేరాం. 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి, విశాఖ నగరాన్ని ఆనుకునే ఉంది. గేటు దగ్గర వేడిగాలి, హారన్ల మోత, పొదల్లో ప్లాస్టిక్.

"ఇంకొంచెం లోపలికెళ్తే సల్లగుంతాది బాబూ" అన్నాడు మాతో వచ్చిన గైడు. నిజమే. కాసేపు నడిచేసరికి రోడ్డు చప్పుడు తగ్గింది, నేల మెత్తబడింది.

ఎండ, గాలి, మోత అంచు నుంచే అడవిలోకి చొరబడతాయి. అవి వంద మీటర్ల దాకా వస్తాయనుకుందాం. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పున్న అడవిలో 100 హెక్టార్లకు 64 హెక్టార్లు భద్రంగా మిగులుతాయి. అదే 100 హెక్టార్లు రెండు వందల మీటర్ల వెడల్పుతో ఐదు కిలోమీటర్ల పట్టీగా ఉంటే లోపలి అడవంటూ ఏమీ మిగలదు, అంతా అంచే. ఎకరాల లెక్క చూసి అడవి తగ్గలేదని సంతోషించేవాళ్లకి ఈ లెక్క చూపించాలనిపిస్తుంది నాకు.

గేటు ముందు నుంచే 16వ నంబరు జాతీయ రహదారి పోతోంది. అటు అడవి, ఇటు జూ, దాని వెనక సముద్రం. లారీల వరస తెగేదాకా మేమే చాలాసేపు ఆగాం, ఇక చీకట్లో దాటాల్సిన అడవిపిల్లి సంగతేంటి? మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ అడవిలో 44వ నంబరు జాతీయ రహదారిని కొంతమేర ఎత్తులో కట్టి, కింద జంతువులకు దారులు వదిలారు. పులులు వాటిలోంచి నడిచిపోవడం కెమెరాల్లో పడింది. కంబాలకొండ ముందూ అలాంటి దారి ఒకటి కావాలి, రోడ్డును మరోసారి వెడల్పు చేయకముందే.