కుస్కోలో నాకు ఊపిరి అందనప్పుడు

రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చున్నాను. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, కూర్చుంటే కాస్త నయం. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. శ్వాస తీసుకుంటే ఛాతీలో హుక్కాలో నీళ్ళలాగా గురగురమని చప్పుడు. పక్క గదిలో తమ్ముడు నిద్రపోతున్నాడు. లేపుదామా, వద్దా? ఇంత దూరం ఎంతో ఖర్చు పెట్టుకుని తీసుకొచ్చాడు, వాడి నిద్ర పాడుచేయడం ఎందుకు, తెల్లారాక చెబుదాంలే అనుకున్నాను. అలా గంటకు పైగా కూర్చున్నాను. ఆ గంట తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు వస్తుంది.

నేను రిటైరైన సోషల్ టీచర్‌ని. మాది రాజమండ్రి. సముద్రమట్టానికి పట్టుమని 20 మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు. దక్షిణ అమెరికాలోని పెరూలో ఒకప్పుడు రాజ్యమేలిన ఇంకాల గురించి ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను, ఎప్పటికైనా వాళ్ళ రాజధాని కుస్కోను కళ్ళారా చూడాలని కోరిక. హ్యూస్టన్‌లో ఉండే తమ్ముడు, "అక్కా, ఈ జూన్‌లో వెళ్దాం, ఇంతి రాయ్మి పండగ కూడా చూడొచ్చు" అన్నాడు. జూన్ 24న కుస్కోలో సూర్యుడికి చేసే పండగ అది. అక్కడ అది చలికాలం. స్పెయిన్ వాళ్ళు ఆపించిన ఆ పండగను 1944లో మళ్ళీ మొదలుపెట్టారు. మావారు మోకాళ్ళ నొప్పులతో రాలేనన్నారు.

పెరూ ఇప్పటి రాజధాని లిమా సముద్రం ఒడ్డునే ఉంది. అక్కడ విమానం ఎక్కితే గంటా ఇరవై నిమిషాల్లో కుస్కో, అంటే 3,400 మీటర్ల ఎత్తు. తిరుమల కొండ ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. అలాంటివి మూడింటికి పైగా ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తుకు, కాఫీ తాగినంత సేపట్లో చేరిపోయాం. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21, ఇక్కడా 21. కానీ గాలి ఒత్తిడి తగ్గిపోతుంది కాబట్టి ఒక్కో శ్వాసకు మనకు దొరికేది మూడింట రెండొంతులే.

తలనొప్పి మొదటి రోజు సాయంత్రమే వచ్చింది. ఎత్తు పడక వచ్చే ఈ బాధను అక్కడి వాళ్ళు సొరోచే అంటారు. హోటళ్ళలో, అంగళ్ళలో కోకా ఆకుల టీ ఇస్తారు. మేమున్న ఇంటావిడ కూడా ఫ్లాస్కులో పోసి పెట్టింది. తాగాను, హాయిగా అనిపించింది. ఎత్తు వల్ల జబ్బు పడకుండా హ్యూస్టన్‌లో డాక్టరు రాసిన డయామాక్స్ మాత్ర ఒకటి వేసుకుంటే వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. భయపడి మానేశాను. ఆ తిమ్మిరి మామూలేనని తర్వాత తెలిసింది. తమ్ముడు ఆ ఇంటి వంటగదిలో మనసుపడి అన్నం వండాడు. ఎంత ఉడికించినా పలుకుగానే ఉండిపోయింది. ఆ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుక్కర్ లేనిదే మెతుకు మెత్తబడదు. నేను రెండు ముద్దలు కూడా తినలేదు. ప్రయాణ బడలిక అనుకున్నాం.

రెండో రోజు విశ్రాంతి తీసుకుని ఉండాల్సింది. కానీ కోరికాంచా పిలుస్తుంటే ఎలా కూర్చుంటాను? ఒకప్పుడు గోడలకు బంగారు రేకులు తాపిన సూర్యుడి గుడి. దాని మీదే స్పెయిన్ వాళ్ళు తమ మఠం కట్టుకున్నారు. 1950లో పెద్ద భూకంపం వస్తే మఠం బాగా దెబ్బతింది, ఇంకాల గోడలు మాత్రం నిలబడ్డాయి. సున్నం, బురద ఏమీ లేకుండా పేర్చిన రాళ్ళవి. ఒక దానికి మరొకటి ఎంత దగ్గరగా కూర్చున్నాయంటే అతుకు కోసం కంటితో వెతుక్కోవాలి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అక్కడి నుంచి హతున్ రుమియోక్ అనే సందుకు వెళ్ళాం. పన్నెండు మూలల రాయి అక్కడే ఉంది. మూలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు దాకా వచ్చేసరికి ఆయాసం. ఆగాను. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ఐదు కూడా దాటలేదు. నిలబడి, కదలకుండా, ఊరికే లెక్కపెడుతుంటే ఆయాసం ఏమిటి? అప్పుడే అర్థం కావాల్సింది నాకు. "బాగానే ఉన్నావా అక్కా?" అంటే "ఆఁ, బాగానే ఉన్నా" అన్నాను. శాన్ బ్లాస్ మెట్లు కూడా ఎక్కాను.

రోజూ గోదావరి గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడుస్తాను. బీపీ, సుగర్ ఉన్నది తమ్ముడికి, నాకు కాదు. అందుకే మేమిద్దరం వాడి గురించే టెన్షన్ పడ్డాం గానీ నా గురించి కాదు. ఎత్తుకు వెళితే వచ్చే ఈ జబ్బు ఒంట్లో ఎంత సత్తువ ఉందో చూసి రాదు. బాగా నడిచే వాళ్ళకే ఒక్కోసారి ప్రమాదం, ఎందుకంటే మొదటి రెండు రోజులూ ఆగరు.

ఆ రాత్రి చివరికి మూడు దాటాక తమ్ముడే నా దగ్గు విని లేచి వచ్చాడు. లైటు వేసి నా ముఖం చూసి, "అక్కా, నీ పెదాలు నీలంగా ఉన్నాయి" అన్నాడు. అంతే, పది నిమిషాల్లో టాక్సీలో ఉన్నాం.

క్లినిక్‌లో నర్సు నా చూపుడు వేలికి ఆక్సీమీటర్ తగిలించింది. 67. ఆమె నమ్మలేదు. నా చెయ్యి చల్లగా ఉందని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది, వెచ్చబడ్డాక మధ్య వేలికి పెట్టింది. 66. మన తెలుగువాళ్ళలో ఆ అంకె అర్థం కానిది ఎవరికి? 2021 మేలో మావారికి కరోనా వచ్చినప్పుడు 94 కంటే తగ్గకూడదని రాత్రంతా ఆ చిన్న డబ్బాను చూస్తూ కూర్చున్నదాన్ని నేను. 88కి పడితే బెడ్ కోసం ఊరంతా తిరిగాం. ఇప్పుడు నా వేలి మీద 66. కుస్కోలో అక్కడి వాళ్ళకైనా 90 అటూ ఇటూనే ఉంటుందట. మావారు గుర్తొచ్చారు. ఇక చూస్తానో లేదో అనిపించింది. ఉన్నమాట చెబుతున్నాను.

ముక్కుకు గొట్టం పెట్టి ఆక్సిజన్ వదిలారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా దూదిపింజల్లా తెల్లటి మచ్చలు, కుడివైపు ఎక్కువ. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. మందుల చీటీ వెనక బొమ్మ వేసి చెప్పింది, తమ్ముడు తనకొచ్చిన స్పానిష్‌తో నాకు తెలుగు చేశాడు. ఆక్సిజన్ తగ్గగానే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. అన్నీ ఒకేలా బిగుసుకోవు, అందువల్ల కొన్నింటి మీద ఒత్తిడి విపరీతంగా పెరిగి, సన్నటి నాళాల నుంచి నీరు ఊరి గాలి తిత్తుల్లోకి చేరుతుంది. ఇది న్యుమోనియా కాదు, గుండె జబ్బూ కాదు. ఆలస్యం చేస్తే మాత్రం ప్రాణం పోతుంది. నిఫెడిపిన్ మాత్ర ఇచ్చింది. మావారు ఒకప్పుడు బీపీకి వాడిన మాత్రే, ఇక్కడ ఊపిరితిత్తుల నాళాల ఒత్తిడి తగ్గించడానికి. "కానీ సెన్యోరా, అసలు మందు కిందికి దిగడమే" అంది.

దిగడం ఎలా? పక్కనే పవిత్ర లోయ ఉంది. ఉరుబంబా ఊరు 2,870 మీటర్లే. కానీ కుస్కో గిన్నె అడుగులాంటి చోట ఉంది. ఆ లోయకు వెళ్ళే దారి ఏదైనా ముందు ఊరి చుట్టూ ఉన్న కొండ ఎక్కాకే దిగుతుంది. చించేరో మీదుగా పోతే 3,700 మీటర్లు దాటాలి. నా స్థితిలో అది కుదరదంది డాక్టరమ్మ. రెండు రోజులు ఇక్కడే ఆక్సిజన్ మీద ఉంచి, నిలదొక్కుకున్నాక విమానంలో లిమా పంపుతానంది. విమానం అనగానే నేను బెంబేలెత్తాను, ఇంకా పైకా అని. ఆమె నవ్వి చెప్పింది. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపల గాలి ఒత్తిడి 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నదానికి తగ్గకుండా చూస్తారు. నేలను వదిలి పైకి లేస్తున్నప్పుడే నా ఊపిరితిత్తులు వెయ్యి మీటర్లు కిందికి దిగుతాయన్నమాట!

ఇంతి రాయ్మి రోజు నేను మంచం మీదే ఉన్నాను. పొద్దున్న కిటికీలోంచి డప్పులు, వాటి మధ్య శంఖం ఊదినట్టు ధ్వని. పుతుతు అంటారట, నిజంగా శంఖమే. ఊరేగింపు కోరికాంచా దగ్గర మొదలై, ప్లాసా దె ఆర్మాస్ మీదుగా సాక్సైవామాన్ కోట దాకా వెళుతుంది. నేను వెళ్ళి రమ్మన్నా తమ్ముడు వెళ్ళలేదు. "నువ్వు చూడనిది నేనెందుకు చూస్తానక్కా" అన్నాడు. నర్సమ్మ తెచ్చిన కినోవా సూప్ చెంచాతో తాగించాడు. అంతకు ముందు రోజు రాత్రి వాడిని లేపకుండా కూర్చున్నందుకు అప్పుడు ఏడ్చాను.

జూన్ 25న ఆక్సిజన్ తీసేసినా 89 ఉంది. చీటీ రాసిచ్చారు, వీల్‌చైర్‌లో విమానం ఎక్కాను. తలుపులు మూశాక ఇరవై నిమిషాలకు ఛాతీ మీది బండరాయిని ఎవరో కొంచెం కొంచెంగా జరుపుతున్నట్టు అనిపించింది. లిమాలో దిగి విమానాశ్రయంలో వేలికి పెట్టుకుంటే 96. జూన్‌లో లిమా అంతా మబ్బు, సన్నటి తుంపర, ఎండ కనపడదు. కానీ ఆ చెమ్మ గాలి నాకు గోదావరి గాలిలాగే ఉంది. ఆ రాత్రి తమ్ముడు మళ్ళీ అన్నం వండాడు. మెత్తగా ఉడికింది. ఆవకాయ కలుపుకుని రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

దగ్గు పూర్తిగా పోవడానికి వారం పట్టింది. ఇంటికి వచ్చాక మెట్లు ఎక్కితే అలుపు రాకుండా ఉండటానికి ఇంకో రెండు వారాలు. రాజమండ్రిలో ఛాతీ డాక్టరు గారు ఎక్స్‌రే చూసి మచ్చ కూడా లేదన్నారు. 1590లోనే హోసే దె అకోస్తా అనే జెసూట్ మతగురువు ఇదే పెరూ కొండల్లో వాంతులతో పడిన బాధ రాసి, అక్కడి గాలి మనిషి శ్వాసకు మరీ పలచన అని తేల్చాడు. మంచం మీద అది చదివితే, నాలుగొందల ఏళ్ళ నాటి మనిషి నా చెయ్యి పట్టుకున్నట్టు అనిపించింది.

ఈ జబ్బు ఒకసారి వచ్చిన వాళ్ళకు ఆ ఎత్తులో మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువట. అయినా వెళ్ళకూడదనేం లేదు, ముందు నుంచే మాత్ర వేసుకుని నెమ్మదిగా ఎక్కాలన్నారు డాక్టరు గారు. విమానం దిగగానే కుస్కోలో ఆగకుండా కారులో నేరుగా లోయలోకి, ఒయాంతాయ్‌తాంబోలో నాలుగు రాత్రులు, అప్పుడు కుస్కో. నేను కాగితం మీద రాసుకున్నాను. మావారు సరేనన్నారు. తమ్ముడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.