రాళ్లన్నీ ఒకటి కావు

నాకు రాళ్లున్నాయన్న కబురు నెల్లూరు చేరగానే అమ్మ సంచిలో అరటి దూట పెట్టుకుని చెన్నై రైలెక్కింది. వేళచ్చేరిలో మా పక్కింటి తమిళావిడ అప్పటికే గ్లాసుడు దూట రసం ఇచ్చి వెళ్లారు. రెండు రాష్ట్రాల గృహవైద్యమూ ఒకటే కావడం ముచ్చటగానే ఉంది గానీ, అది కిడ్నీ రాళ్లకు చెప్పే మందు. నావి పిత్తాశయంలో ఉన్నాయి.

ఈ తేడా ఇంట్లో ఎవరికీ ఎక్కించలేకపోయాను. కిడ్నీ రాయి మూత్రం దారిలో ఉంటుంది కాబట్టి, నీళ్లు ఎక్కువగా తాగితే చిన్నది కొట్టుకుపోవచ్చు. తాగిన నీళ్లు పిత్తాశయంలోకి వెళ్లవు. కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని చిక్కబరచి దాచుకునే చిన్న సంచి అది. పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. ఆ రసంలో కొలెస్ట్రాల్ మోతాదు మించినా, సంచి సరిగా ఖాళీ కాకపోయినా రాళ్లు కడతాయి. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే పచ్చటి పదార్థం బిలిరుబిన్‌తోనూ కొన్ని రాళ్లు ఏర్పడతాయి. అమ్మ మాత్రం నాకు టమాటా, పాలకూర మాన్పించింది. నెయ్యి ధారాళంగా వడ్డించింది. సరిగ్గా తలకిందులు! కొవ్వు పేగులోకి దిగినప్పుడే ఆ సంచి బిగుసుకుని రసాన్ని బయటికి నెడుతుంది. రాయి మూతికి అడ్డం పడితే నొప్పి మొదలయ్యేది అప్పుడే.

ఆ నొప్పి రాత్రి భోజనం తర్వాత వచ్చేది. రొమ్ము ఎముక కింద పట్టుకుని, కుడివైపు పక్కటెముకల కిందికి, అక్కడి నుంచి కుడి రెక్క ఎముక దాకా పాకేది. కూర్చున్నా, పడుకున్నా, నడిచినా ఒకటే. గంటల తరబడి ఉండి, ఏమీ జరగనట్టు పోయేది. వీధి చివరి డాక్టరు గ్యాస్ అన్నారు. మరొకరు ముందు ఈసీజీ తీయించారు. గుండె బాగానే ఉంది. చివరికి పరగడుపున అల్ట్రాసౌండ్ తీస్తే విషయం బయటపడింది. ఏమీ తినకపోతే సంచి నిండుగా ఉంటుంది, లోపలివి స్పష్టంగా కనబడతాయి.

“చిన్నవే కదా, వాటంతట అవే పోవా?” అని అమ్మ సర్జన్‌ను అడిగింది. చిన్నవే జారి పైత్యనాళంలో ఇరుక్కునే అవకాశం ఎక్కువ, అప్పుడు కామెర్లు రావచ్చు, క్లోమం వాచిపోవచ్చు అని ఆయన చెప్పారు. కరిగించే మాత్రలు ఉన్నాయి. అవి కొన్ని రకాల రాళ్లకే, అదీ నెలల తరబడి వాడితే పనిచేస్తాయి. మానేశాక రాళ్లు మళ్లీ రావడం మామూలే. రాళ్లు తీసేసి సంచిని ఉంచితే అది మళ్లీ తయారుచేస్తుంది. అందుకే సంచినే తీసేస్తారు.

మా బాబాయి ఫోనులో మరో మార్గం చెప్పాడు. ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగితే మర్నాడు ఆకుపచ్చ రాళ్లు రాలతాయట. రాలే మాట నిజమే. కాకపోతే అవి ఆ నూనే కడుపులో సబ్బుగా మారి కట్టిన ఉండలు! అసలు రాళ్లు ఉన్నచోటే ఉంటాయి.

ఆపరేషన్ అనగానే నాకు మా పెద్దమ్మ పొట్ట గుర్తొచ్చింది. పక్కటెముకల కింద జానెడు కుట్ల మచ్చ. ఆమె కాలానికి మన దేశంలో లాపరోస్కోపీతో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా, పరికరాలు పంపి, పిత్తాశయం తీయడం ఇంకా మొదలుకాలేదు. జర్మనీలో సర్జన్ ఎరిక్ మ్యూహె 1985లో ఆ పద్ధతిలో తీశారు. మన దగ్గర 1990లో ముంబయిలో సర్జన్ తెహెంతన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. నాకు పెట్టినవి నాలుగు చిన్న గాట్లు. ఇన్సూరెన్స్ అనుమతి కోసం ఎదురుచూసిన సమయం ఆపరేషన్ కంటే పొడుగు. దాని గురించి రాయడం మొదలుపెడితే నా బీపీ పెరుగుతుంది.

మెలకువ వచ్చాక పొట్ట కంటే భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. ఆపరేషన్ బల్ల మీద చెయ్యి మెలిపెట్టారేమోనని అనుమానించాను. పని చేసేందుకు చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారట. మిగిలిన గ్యాస్ ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుపొరైన ఉదరవితానాన్ని ఒరుసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. లేచి నడవడమే దానికి మందు. మర్నాడే ఇంటికి పంపారు. సంచి లేకపోయినా కాలేయం రసాన్ని తయారుచేస్తూనే ఉంటుంది, అది నేరుగా పేగులోకి జారుతుంది. మొదట్లో నూనె వంటకాలకు విరేచనాలయ్యాయి, తర్వాత సర్దుకుంది. తీసిన సంచికి చేసిన బయాప్సీలోనూ క్యాన్సర్ లాంటిదేమీ లేదు.

ఇప్పుడు మా ఆడపడుచు వంతు. వేరే పనికి తీసిన స్కాన్‌లో ఆమెకూ రాళ్లు కనిపించాయి. నొప్పి ఒక్కనాడూ లేదు. అదే సర్జన్ దగ్గరికి వెళ్తే, నొప్పి లేదు కాబట్టి ప్రస్తుతానికి ఏమీ చేయనక్కర్లేదన్నారు. “వదినకు తీసినవారు నాకెందుకు తీయరు?” అని ఆమె నా మీద అలిగింది. ఎప్పుడైనా నొప్పి వచ్చి తగ్గకపోయినా, దానికి చలిజ్వరం తోడైనా, కళ్లు పచ్చబడినా ఆ రాత్రే రమ్మని చెప్పి పంపారాయన. ఆమె మాత్రం ఇంకో డాక్టరును వెతుకుతోంది.