ఎగతాళిని వదిలేసి, బెదిరింపుల మీద మాత్రమే కేసు కట్టించుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం ఎఫ్‌ఐఆర్ కాపీ నా చేతికొచ్చింది. కోపం చల్లారితే కొన్ని సంగతులు మొహమాటానికి దాచేస్తానేమోనన్న అనుమానంతో ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తాను. పెద్ద సినిమాలు విడుదలైనప్పుడు మొదటి రోజుల్లో టికెట్ ధర పెంచుకోవడానికి ప్రభుత్వం జీవో ఇస్తే ఆ భారం ఎవరి మీద పడుతుందో లెక్కలతో సహా నా సోషల్ మీడియా ఖాతాలో రాశాను. ఏ హీరో పేరూ ఎత్తలేదు. అయినా ఒక హీరో అభిమానులు అది తమ వాడి గురించేనని తీర్మానించుకున్నారు. తెల్లవారేసరికి వచ్చిన వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం ఎగతాళే. డబ్బుల్లేకపోతే టీవీలో వచ్చేదాకా ఆగమన్నవాళ్లు, పాఠాలు చెప్పుకోక సినిమాల జోలి ఎందుకన్నవాళ్లు, నా ఫొటో పక్కన బ్రహ్మానందం బొమ్మ అతికించి మీమ్ చేసినవాళ్లు ఉన్నారు. నిజం చెప్పాలంటే ఒకటి రెండు మీమ్‌లకు నాకే నవ్వొచ్చింది. నవ్వు రానివి మూడు. ఒకడు నా ఫోన్ నంబరును అసహ్యమైన వాక్యంతో కలిపి అందరికీ పంచాడు. మరొకడు మా చెల్లెలి పెళ్లిలో దిగిన నా ఫొటోను నగ్నచిత్రంగా మార్చి పెట్టాడు. ఇంకొకడు కాలేజీ పేరు, నేను బయటికొచ్చే వేళ రాసి, గేటు దగ్గర యాసిడ్‌తో ఎదురుచూస్తానన్నాడు.

"అకౌంట్ తీసేసి ఊరుకోండి వదినా, ఆ మూకతో మనకెందుకు" అన్నాడు మా మరిది. "అందరి మీదా కేసు పెట్టండి మేడం, ఒక్కణ్ణీ వదలొద్దు" అన్నారు మా స్టాఫ్ రూములో. ఈ రెండింటి మధ్య మూడో దారి ఒకటుందని ఇంట్లోవాళ్లకూ, స్టేషన్లోవాళ్లకూ నచ్చచెప్పడానికే నా శక్తిలో సగం పోయింది.

స్క్రీన్‌షాట్లు తీయడం, లింకులు కాపీ చేసుకోవడం ఒక గంట పని. లింకు లేని స్క్రీన్‌షాట్‌ను ఎవరూ లెక్కచేయరు. పైగా వాళ్లు ప్రొఫైల్ పేర్లు పూటకొకటి మారుస్తారు కాబట్టి ప్రొఫైల్ లింకు విడిగా రాసిపెట్టుకోవాలి. "రిపోర్ట్" బటన్ నొక్కితే, ఆ వ్యాఖ్యలు తమ ప్రమాణాలకు విరుద్ధంగా లేవని కంపెనీ నుంచి జవాబొచ్చింది. బటన్‌ను నమ్ముకోకుండా ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి నేరుగా రాయండి. 2021లో వచ్చిన ఐటీ నిబంధనల్లో, మార్ఫింగ్ చేసిన ఇలాంటి చిత్రం మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే గంటల వ్యవధిలోనే తీసేయాలని ఉంది. ఆ నిబంధన సంఖ్యతో సహా రాశాను. మర్నాటికి ఫొటో పోయింది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం మాత్రం వృథా, అది ముఖ్యంగా డబ్బు పోయినవాళ్ల కోసం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళల విభాగం కింద నమోదు చేసుకున్నాను. అందులో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది గానీ, అలా చేస్తే తర్వాత దాని గతేమైందో తెలుసుకోలేము.

అసలు కథ స్టేషన్లో మొదలైంది.

"ఎంత పోయింది మేడం?" అని అడిగాడు కానిస్టేబుల్. డబ్బేమీ పోలేదన్నాను. "మరి?" అన్నాడు. బెంచీ మీద నాతోపాటు ఉన్నవాళ్లంతా ఓటీపీ చెప్పి మోసపోయినవాళ్లూ, పెట్టుబడి యాపుల్లో సొమ్ము పోగొట్టుకున్నవాళ్లే. అంకె చెప్పలేని నష్టాన్ని ఏ వరసలో నిలబెట్టాలో అతనికి అర్థం కాలేదు. నేను ఇంటి దగ్గరే టైపు చేసి తెచ్చిన పిటిషన్‌ను పక్కన పెట్టి, "అసభ్య పదజాలం అంటే చాలదు, ఏమన్నారో ఉన్నదున్నట్టు రావాలి" అని రైటర్ చెప్పాడు. ఆ మాట చట్టపరంగా సరైనదే, అందుకు ఆయన్ను తప్పుపట్టను. కానీ స్క్రీన్‌షాట్లలో ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న ఆ తెలుగు బూతులను ఆయన కూడబలుక్కుంటూ గొంతెత్తి చదవడం, పక్కనున్న ఆపరేటర్ టైపు చేస్తూ "ఏంటన్నా, మళ్లీ చెప్పు" అనడం, ఆయన మళ్లీ చదవడం, ఒకచోట ఇద్దరికీ తోచక "ఇది ఏ పదం మేడం?" అని నన్నే అడగడం, ఇదంతా ఆ బెంచీ ముందు, నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు ఏదో పని మీద వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉండగా జరిగింది. పాతికేళ్లుగా వందమంది పిల్లల ఎదుట నిలబడి గొంతు వణక్కుండా పాఠం చెప్పినదాన్ని, ఆ ఒక్క పదం పలకలేక కాగితం మీద రాసిచ్చాను. ఒక గది తలుపు మూసి, ఒక మహిళా కానిస్టేబుల్‌ను కూర్చోబెడితే తీరిపోయే సమస్య ఇది. ఆ స్టేషన్లో గదీ ఉంది, మహిళా కానిస్టేబులూ ఉంది. ఆమె చేత టీ తెప్పిస్తున్నారు.

ఎస్సై గారి ప్రశ్నలు వేరే రకం. "మీకెందుకమ్మా సినిమాల గొడవ?" అన్నది మొదటిది. "ఫొటో తీయించేశారు కదా, ఇంక సాక్ష్యమేముంది?" అన్నది రెండోది. తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం కంపెనీ 180 రోజులు భద్రపరచాలని అవే నిబంధనల్లో ఉందని చూపించాను. ఆయన ముఖం చిట్లించి, ఒక్కసారిగా ఉదారంగా మారి, "అయితే లిస్టులో ఉన్నవాళ్లందర్నీ పెట్టేద్దాం, మీమ్ చేసినవాళ్లతో సహా" అన్నారు. వద్దన్నాను. అలాంటివాళ్ల కోసం వెనకటికి ఒక మంచి సెక్షన్ ఉండేదని ఆయన నిట్టూర్చారు.

ఆ మంచి సెక్షన్ ఐటీ చట్టంలోని 66ఎ, ఆన్‌లైన్‌లో ఎవరినైనా నొప్పించే రాతలను నేరంగా చూసినది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ముంబై బంద్‌ను ప్రశ్నిస్తూ ఒక యువతి పోస్టు పెడితే, దానికి లైకు కొట్టిన స్నేహితురాలిని కూడా అరెస్టు చేసిన ఉదంతంతో దాని సంగతి దేశమంతటికీ తెలిసింది. శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేసిన ధర్మాసనంలో జస్టిస్ నారిమన్‌తోపాటు మన కృష్ణా జిల్లావారైన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. చర్చించడం, ఒక వాదాన్ని సమర్థించడం వేరు, నేరానికి ఉసిగొల్పడం వేరు అని ఆ తీర్పు గీత గీసింది. అయినా ఆ సెక్షన్ కింద కేసులు ఆగలేదని తెలిసి, దాని కింద ఎవరినీ విచారించవద్దని 2022లో అదే కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నన్ను "ఆంటీ" అన్నవాణ్ణి లోపలేయించడానికి పనికొచ్చే చట్టం, టికెట్ ధరల మీద రాసిన నన్ను లోపలేయడానికీ పనికొస్తుంది. అర్థశాస్త్రం తెలిసినవాళ్లకు ఈ లెక్క కష్టం కాదు. ఎస్సై గారికి ఈ మాటే చెప్పి, జాబితాలోంచి ఆ మూడు ఖాతాలు తప్ప మిగతావన్నీ నా చేత్తోనే కొట్టేశాను. కొట్టేసిన ప్రతి పేరు పక్కనా సంతకం పెట్టించుకున్నారు, తర్వాత మాట మారుస్తానేమోనని.

ఆపైన సీఐ గారి కోసం నిరీక్షణ. ఐటీ చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి, ఆయనేమో ఎప్పుడు వెళ్లినా బందోబస్తులో ఉంటారు. ఈలోగా, సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం స్క్రీన్‌షాట్లతో జతపరిచే ధ్రువపత్రంలో "హాష్ విలువ" గడి చూసి స్టేషన్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అది ఫైలుకు కంప్యూటర్ లెక్కగట్టి ఇచ్చే గుర్తింపు సంఖ్య లాంటిది. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి నిమిషంలో తీసిచ్చాడు. రెండో భాగం నిపుణుడు నింపాలి కాబట్టి దాన్ని వాళ్లకే వదిలేశాను.

సీఐ గారు దొరికాక పని చకచకా అయింది. బెదిరింపుకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 351, నా మర్యాదకు భంగం కలిగించే రాతలకు 79, ఫొటోకు ఐటీ చట్టం 67 పెట్టి కేసు కట్టారు. నా పిటిషన్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదని ఆయనే అన్నారు, ఆ గౌరవం నాకు దక్కాల్సిందే. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. జిరాక్స్ డబ్బులడిగితే ఈ సంగతి గుర్తుచేయండి, నేను గుర్తుచేశాను.

యాసిడ్ అన్నవాడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడట. నోటీసు అందుకుని వాళ్ల నాన్నతో మా ఇంటికొచ్చాడు. ఆ పెద్దాయన "తప్పయిపోయిందమ్మా, పిల్లాడి భవిష్యత్తు" అని చేతులు పట్టుకోబోయారు. ఏది చెప్పినా రాతపూర్వకంగా స్టేషన్లో చెప్పమన్నాను. మిగతా రెండు ఖాతాల వివరాలు కంపెనీ నుంచి ఇంకా రావాలి. "సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించేలా" రాసినందుకు సంజాయిషీ ఇవ్వాలంటూ మా ప్రిన్సిపాల్ నాకిచ్చిన మెమో మాత్రం అలాగే ఉంది. దానికి జవాబుగా ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేసి, నా పోస్టులో సంస్థ ప్రస్తావన ఎక్కడుందో చూపించమని ఈ ఉదయమే ఇన్‌వార్డులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను.