మాలరీ, ఇర్విన్ ఎవరెస్ట్ శిఖరం చేరారా? ఆధారాలన్నీ వరసగా పెట్టి చూశాను

మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఆ దారి గురించి చదువుతూ, అదే వైపున 1924 జూన్ 8న కనిపించకుండా పోయిన బ్రిటిష్ పర్వతారోహకులు జార్జ్ మాలరీ, ఆండ్రూ ఇర్విన్ దగ్గర ఆగిపోయాను. ఇర్విన్‌కి అప్పుడు 22 ఏళ్లే. వాళ్లు పైకి చేరారా లేదా అన్న వాదనలు పక్కనపెట్టి, ఒక చార్టు మీద ఈశాన్యపు గట్టు గీసి, దొరికిన ప్రతి వస్తువునూ దాని ఎత్తు దగ్గర గుర్తు పెట్టడం మొదలుపెట్టాను.

మొదటి చిక్కు వాళ్ల బృందంలోని నోయెల్ ఓడెల్ సాక్ష్యం. మధ్యాహ్నం 12:50కి మబ్బులు విడిపోయినప్పుడు గట్టు మీద రెండు నల్లటి చుక్కలు కదలడం చూశానన్నాడాయన. ముందు రెండో మెట్టు (గట్టు మీద దారికి అడ్డొచ్చే బండగోడల్లో రెండోది) దగ్గర అన్నాడు, తర్వాత మొదటి మెట్టు కావచ్చన్నాడు. ఈ తేడా చిన్నది కాదు. రెండో మెట్టు దాదాపు నిట్టనిలువు బండ. 1975లో చైనా బృందం అక్కడ నిచ్చెన బిగించింది.

వాళ్లవిగా భావించే ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) 1933లో, ఆక్సిజన్ సిలిండర్ తర్వాత దొరికాయి, రెండూ మొదటి మెట్టు దగ్గర్లోవే. అంతవరకు వెళ్లారన్నది నాకు ఖాయం.

ఎక్కువ సేపు ఆగింది 1999 మే 1న పర్వతారోహకుడు కాన్రాడ్ యాంకర్ కనుగొన్న మాలరీ దేహం దగ్గర. ఎత్తు సుమారు 8,155 మీటర్లు. కుడికాలు విరిగి ఉంది. నడుముకి తెగిన తాడు, ఒంటి మీద ఆ తాడు ఒరుసుకున్న గుర్తులు. అంటే పడినప్పుడు ఇద్దరూ ఒకే తాడుకి కట్టుకుని ఉన్నారనే అనుకుంటున్నాను. అది చదివాక ఆ రోజు ఇంకేమీ చదవలేకపోయాను. కళ్లజోడు జేబులో ఉంది. నాలుగు రోజుల ముందే వాళ్ల బృందం నాయకుడు నార్టన్ మంచు వెలుగుకి చూపు పోయి అవస్థ పడ్డాడు, అది మాలరీకి తెలుసు. కాబట్టి పగలు కళ్లజోడు తీసి ఉండడు, చీకటి పడ్డాక దిగుతున్నాడన్న వాదన బలంగానే ఉంది. కానీ ఇంకో జత ఉండి ఉంటే?

శిఖరం మీద పెడతానన్న భార్య ఫొటో జేబులో లేకపోవడాన్ని చాలామంది రుజువు అంటారు. నేను ఒప్పుకోలేను. లేని వస్తువు ఎక్కడ పోయిందో అది చెప్పదు.

శిఖరం చేరారని నేను అనలేను. అది తేల్చగలిగింది వాళ్లు తీసుకెళ్లిన కొడాక్ కెమెరా ఒక్కటే. 2024లో ఇర్విన్ పేరు కుట్టిన మేజోడుతో పాదం, బూటు దొరికింది ఎక్కడో కింద, సెంట్రల్ రోంగ్‌బుక్ హిమానీనదం మీద. ఇక కెమెరాను గట్టు కింది బండల్లోనే కాదు, ఆ మంచులోనూ వెతకాలి.