వాయవ్య కొలరాడో మంచు, నాకు దక్కని ఎల్క్ లైసెన్సు: నా అనుభవం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ శివార్లలో ఉంటూ వేటకు వెళ్ళే తెలుగువారు అరుదు కనుక, ఈ సంవత్సరం (2023) ఎల్క్ అనే పెద్ద జింకజాతి జంతువు వేట లైసెన్సు కోసం నేను పడిన పాట్లను కోపం చల్లారకముందే రాస్తున్నాను. 1949 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారందరికీ ఇక్కడ తప్పనిసరైన వేట శిక్షణ సులువుగానే ముగిసింది; తరగతిలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. తుపాకీ కొనడం, గురి అభ్యాసం కూడా ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అంటే జైలే అని ఎరిగిన మా పెదనాన్నగారు మాత్రం, ప్రభుత్వమే రుసుము తీసుకుని అనుమతిస్తుందంటే ఇప్పటికీ నమ్మడం లేదు.

చిక్కంతా మంచుతో వచ్చింది. వాయవ్య కొలరాడోలోని క్రెయిగ్, మీకర్ పట్టణాల చుట్టుపక్కల ఈసారి అది లోతుగా పేరుకుని, వసంతం దాకా వదలలేదు. మ్యూల్ డీర్ అనే జింక చలికాలాన్ని చాలామటుకు వేసవిలో పట్టిన కొవ్వుతోనే గట్టెక్కుతుంది. మేతగా దొరికే సేజ్‌బ్రష్ పొదలు మంచులో కూరుకుపోతే, వాటికోసం తిరగడానికే ఉన్న కొవ్వు కాస్తా కరిగిపోతుంది. ముందుగా చనిపోయేవి ఆ ఏటి పిల్లలు; నవంబరులో జతకట్టే హడావిడిలో తిండి మాని చిక్కిపోయిన పెద్ద మగవాటికీ ముప్పు ఎక్కువే. జాలిపడి ఎండుగడ్డి వేసినా, పొదలకు అలవాటుపడిన పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని వెంటనే జీర్ణం చేయలేవు కనుక, కడుపు నిండి ఉండగానే జింక ఆకలితో చచ్చిపోవచ్చు. ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు సాధారణంగా కంచె దూకదు, కిందినుంచి దూరుతుంది. ఆ సందు మంచుతో పూడితే దానికి దారే లేదు. వీటన్నిటికంటె గట్టి జంతువైన ఎల్క్ పిల్లలు కూడా ఈసారి చాలామటుకు నిలవలేదు.

ఈ సంగతులన్నీ మార్చిలో ఓపికగా విడమరచి చెప్పినవారు వన్యప్రాణి శాఖలోని ఒక జీవశాస్త్రవేత్త. ఆచూకీ కోసం మెడకు రేడియో పట్టీలు కట్టిన పిల్లలు వరసగా చనిపోతున్నాయని ఆయన దాచకుండా చెప్పారు. క్రిందటి వేసవిలోనే నా దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్న వేట నిర్వాహకుడు (వేటగాళ్ళను డబ్బుకు కొండల్లోకి తీసుకెళ్ళేవాడు) మాత్రం, మందలు నిక్షేపంగా ఉన్నాయనీ, లైసెన్సు లాటరీ (డ్రా) దరఖాస్తులో ఆ ప్రాంతాన్నే మొదటి ఎంపికగా పెట్టమనీ పట్టుబట్టాడు. జీవశాస్త్రవేత్త మాట చెబితే, "మీ దేశంలో ఎప్పుడైనా మంచు చూశావా? మా కొండల సంగతి మాకు వదిలెయ్" అని నవ్వాడు. ఫోను స్పీకరులో ఉండడంతో పక్కనే ఉన్న మా అబ్బాయి కూడా విన్నాడు. చదువుకుని, పన్ను కట్టి, ఈ రాష్ట్రవాసిగా హక్కుతో లైసెన్సు అడిగే మనిషిని అలా తీసిపారేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

పద్ధతిలోనూ ఒక విడ్డూరం ఉంది. ఈసారి దరఖాస్తు గడువు ఏప్రిల్ 4. ఏ ప్రాంతానికి ఎన్ని లైసెన్సులో రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ ఖరారు చేసేది మే నెలలో. అంటే ఎన్ని ఉంటాయో తెలియకుండానే, డ్రాలో రానప్పుడు ఒక్కొక్కటిగా చేరి, తరువాతి డ్రాలో ప్రాధాన్యం ఇచ్చే పాయింట్లను, ఏళ్ళ తరబడి కూడబెట్టినవాటిని, పందెం కాయాలి. చలికాలం సంగతి ఏప్రిల్‌కే తెలిసిపోయినప్పుడు గడువును ఒక నెల పొడిగించడానికి ఏమి అడ్డమో నాకు బోధపడలేదు. మే నెలలో వాయవ్య ప్రాంతపు లైసెన్సులకు భారీగా కోత పడింది. ఆడ జంతువులు మిగిలితేనే మంద తిరిగి పెరుగుతుంది కనుక కోత పెట్టడాన్ని నేను తప్పుపట్టను. డ్రాలో నాకు రాలేదు, పాయింటు మాత్రం ఒకటి పెరిగింది.

అడ్వాన్సు అడిగితే, లైసెన్సు రాకపోవడం నా దురదృష్టమనీ, డబ్బు వచ్చే ఏటికి జమ చేస్తాననీ నిర్వాహకుడి జవాబు. ఈ ఏడు పిల్లలు పోయిన చోట రెండు మూడేళ్ళకు వేటకు తగిన మగవి ఎక్కడినుంచి వస్తాయని అడిగితే ఫోను పెట్టేశాడు. డ్రాలో రాకపోతే డబ్బు తిరిగి ఇస్తానని ఒప్పందంలో రాయించుకోకుండా ఇలాంటివారికి ఎవరూ ఒక్క డాలరు ఇవ్వవద్దు. కొలరాడోలో వీరు రాష్ట్ర ప్రభుత్వం వద్ద నమోదు కావాలి, లిఖిత ఒప్పందం ఇవ్వాలి. ఆ నమోదు కార్యాలయానికి నిన్ననే ఫిర్యాదు పంపాను. వచ్చే ఏప్రిల్‌లో ఏ ప్రాంతం పెట్టాలో ఆ జీవశాస్త్రవేత్తనే అడిగి పెడతాను.